వేవ్ పూల్‌లో నా కోసం లేచిన అల

పుస్తకంలో లేని విద్య ప్రపంచంలోనే లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోయే నాన్న నన్నూ వెంట రమ్మనేవాడు. నేను మాత్రం కూర్మన్నపాలెంలో బస్సెక్కి ద్వారకా నగర్ లైబ్రరీకి పోయేవాణ్ణి. డిగ్రీ మధ్యలో ఆగిపోయినా, తేనెటీగల పెంపకం నుంచి ఓడల నిర్మాణం దాకా దేని గురించి అడిగినా పది నిమిషాలు మాట్లాడగలిగేవాణ్ణి. (పదకొండో నిమిషానికి అవతలివాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు కాబట్టి నా జ్ఞానం ఎక్కడ అయిపోతుందో ఎవరికీ తెలియలేదు.)

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో భీమిలి రోడ్డు మీద ఒక రిసార్టు వెలిసింది. జారుడు బల్లలు, జెయింట్ వీలు, హోటలు, మూడు ఈతకొలనులు. రెండు కొలనులు అప్పటికే తెరిచారు, మూడోది వేవ్ పూల్, ఇంకా సిద్ధమవుతోంది. మీట నొక్కితే అందులో సముద్రంలోలాగే అలలొస్తాయి. అక్కడ నాకు తువ్వాళ్ళ పని దొరికింది: పొడివి ఇవ్వడం, తడివి తీసుకోవడం. ఒకరోజు మేనేజరు మమ్మల్నందరినీ నిలబెట్టి, "వేవ్ పూల్‌కి లైఫ్‌గార్డు కావాలి, మీలో ఈత ఎవరికొచ్చు?" అన్నాడు. ఎర్ర టీషర్టు, మెడలో విజిలు, అందరికన్నా ఎత్తున కుర్చీ! నా చెయ్యి దానంతటదే లేచింది. ఈత రాదు గానీ, ఈత మీద బొమ్మలున్న పుస్తకం రెండుసార్లు చదివాను. మేనేజరు నన్ను ఎగాదిగా చూసి, "పది రోజుల్లో పరీక్ష. అబద్ధమని తేలితే తువ్వాళ్ళ పని కూడా ఉండదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో స్టూలు మీద బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడిస్తూ ఉంటే అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఏట్రా అది? స్టూలిరిగితే మీ నాన్న నీ ఈపు ఇరగ్గొడతాడు."

"నాను ఈత నేర్సుకుంటన్నానమ్మా."

"మరి నీల్లేవిరా?"

"నీల్లు మూడో అధ్యాయంలో వస్తాయమ్మా."

మూడో అధ్యాయం దాకా ఆగేంత వ్యవధి లేదని తెలిసొచ్చి, పంపు రూములో మోటార్లు చూసే జాలరిపేట బావకి సంగతి చెప్పుకున్నాను. (మా వైపు ఇద్దరు మగాళ్ళు బావా అనుకోడానికి చుట్టరికం అక్కర్లేదు, ఒకసారి కలిసి టీ తాగితే చాలు.) బావ కడుపు పట్టుకుని నవ్వాడు. "బుక్కు సదివి ఈదుతావా? సేపలకి సదువొచ్చేటి బావా?" అన్నాడు. అన్నాడేగానీ మర్నాడు తెల్లారేసరికి నా నడుముకి వల తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని, నన్ను సముద్రంలోకి తోలాడు. ఆయన పాఠం మొత్తం రెండే ముక్కలు. "పోయేటప్పుడు నీ సేతులు, వచ్చేటప్పుడు దాని సేతులు. ఎనక్కి సూత్తా ఉండు. అల లేసిందా, దాని ముందర పడుకో. అదే తెచ్చి ఒడ్డున పడేత్తాది." తొమ్మిది రోజులు ఉప్పునీళ్ళు మింగి, అల ముందర పడుకోవడంలో నేను ఆరితేరిపోయాను.

పరీక్ష రోజున మేనేజరు తళతళలాడే బూట్లతో వేవ్ పూల్ లోతు లేని ఒడ్డున నిలబడ్డాడు. వెనకాల తువ్వాళ్ళవాళ్ళందరూ చేరారు. "ఎదుటి గోడ తాకి రా" అన్నాడు. నేను దిగి, పుస్తకంలో బాణం గుర్తులు వేసినట్టే చేతులు వేస్తూ వెళ్ళి గోడ తాకాను. వెనుదిరిగి సగం దూరం వచ్చాక, అలవాటు ప్రకారం ఆగి, వెనక్కి చూశాను.

అల లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. కాళ్ళాడిస్తూ ఇంకాసేపు చూశాను. మీట నొక్కితే తప్ప ఇక్కడ అల రాదన్న సంగతి, అంత చదివిన నాకు, సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమయ్యా, ఆగావేం?" అని అరిచాడు మేనేజరు.

"వస్తానండి!"

"ఎప్పుడు?"

మిగిలిన సగం నా చేతులతో ఈదడం నేనెప్పుడూ నేర్చుకోలేదు. కాళ్ళు బరువెక్కుతున్నాయి. ఎర్ర టీషర్టు పోయింది, తువ్వాళ్ళు పోయాయి, రేపట్నించి నాన్న వెనకాలే టిఫిన్ క్యారేజీ పట్టుకుని నడవాలి అనుకుంటూ ఉంటే పంపు రూము కిటికీలో బావ మొహం కనబడింది. నేను దేనికోసం ఎదురు చూస్తున్నానో లోకంలో ఆయనొక్కడికే తెలుసు. ఆ మొహం గభాలున మాయమైంది. మరుక్షణం గోడ వెనక ఏదో గుర్రుమంది, నా వెనకాల నీళ్ళు ఉబ్బి లేచాయి. అంత అందమైన అలని నేను బంగాళాఖాతంలో కూడా చూడలేదు! దాని ముందర పడుకున్నాను. అది నన్ను తిన్నగా తీసుకెళ్ళి మేనేజరు కాళ్ళ దగ్గర దింపి, ఆయన బూట్లు నింపి, మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయింది.

"మీట నొక్కిందెవడు?"

బావ చేతులు కట్టుకుని వచ్చాడు. "నానేనండి. ఉత్త నీల్లల్లో ఎవుడైనా ఈదుతాడండి. అలొస్తే కుర్రోడు బెదురుతాడో నేదో సూడాల గదండి?"

మేనేజరు ఒక బూటు విప్పి, నీళ్ళు ఒంపి, నా వైపు చూశాడు. "బెదరలేదు" అన్నాడు చివరికి. "టీషర్టు సైజెంత?"

తువ్వాళ్ళవాళ్ళు ఈలలు వేశారు. నేను అసలు సైజు కన్నా రెండు సైజులు ఎక్కువ చెప్పాను, ఛాతీ అంతగా ఉబ్బింది మరి. బావ నా చెవి దగ్గరకొచ్చి, "ఇది ఏ పేజీలో ఉంది బావా?" అన్నాడు.

(జనాన్ని లోపలికి వదలడానికి ఇంకా నెల పట్టింది. ఆ నెలంతా కదలని నీళ్ళలో బావ నన్ను రోజూ ఈదించాడు. తర్వాత నేను ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు.)

ఇప్పుడు మా అమ్మాయి ఈత నేర్చుకుంటోంది. తోడుగా నేనూ కొలనులో దిగుతాను. సగం దూరం రాగానే నా మెడ ఇప్పటికీ వెనక్కి తిరుగుతుంది. "ఎవరొస్తారని నాన్నా చూస్తావు?" అంటుంది అది. ఎవరూ రారని నాకు తెలుసు. అయినా ఒక్క క్షణం ఆగి, కిటికీ ఉండాల్సిన వైపు చూసి, ఆ తర్వాతే మిగిలిన సగం నా చేతులతో ఈదుకుంటూ వస్తాను.