ముక్తసరి మేస్త్రి

మా పెద్దమావయ్యను ఊళ్ళో అందరూ ముక్తసరి మేస్త్రి అంటారు. వడ్రంగంలో ఆయనకు వంక పెట్టేవాడు లేడు, మాటల్లో ఆయనంత పిసినారీ లేడు. పని కుదిరితే చెక్కను అరచేత్తో ఒకసారి తట్టి ‘సరిపోయింది’ అంటాడు. ఆయన దగ్గరున్న మెప్పు అదొక్కటే. నేను పుట్టినప్పుడు, తను చేసిన ఉయ్యాలలో నన్ను పడుకోబెట్టి అదే అన్నాడట. మెచ్చుకున్నది నన్నో, ఉయ్యాలనో ఇంతవరకు తేలలేదు.

ఆయన తమ్ముడు, మా చిన్నమావయ్య, వేరే ఊళ్ళో కుర్చీల కర్మాగారంలో పని చేస్తాడు. ఏడేళ్ళ కిందట సెలవు పెట్టి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి కొండమీద కొయ్య ఇల్లు కట్టారు. కుటుంబమంతా ఏడాదికోసారి అక్కడ కలవాలని వాళ్ళ ఆశ. చివరి రోజు చిన్నమావయ్య తను చేసిన తలుపు బిగించాడు, సంచీ సర్దుకున్నాడు, కొండ దిగిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఎందుకని అడిగితే “వెళ్ళి ఆయన్నే అడగండి” అనేవాడు. ఆయన్ని అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. ఇద్దరికీ మొండితనం ఒకే దుంగలోంచి కోసి ఇచ్చినట్టున్నారు.

పెద్దమావయ్యకు అరవై దాటింది. తమ్ముడి ఊరి పేరు వినబడితే చాలు, చేతిలో పని ఆగిపోయేది. తమ్ముడు ఒక్కసారి వచ్చి పలకరిస్తే బాగుండునని ఆయనకు ఎంతుందో మాకందరికీ తెలుసు. ఆయనకు మాత్రం చెప్పడం రాదు.

ఈ ఏడు అమ్మ రంగంలోకి దిగింది. వాళ్ళిద్దరి మధ్యా పుట్టింది ఆవిడే, ఒకరికి చెల్లెలు, ఇంకొకరికి అక్క. ఆయన రావడం లేదని ఈయనకూ, ఈయన రావడం లేదని ఆయనకూ చెప్పి, అందరినీ కొండెక్కించింది. మా అమ్మ అబద్ధం ఆడదు. అవసరమైతే మాత్రం లోటు చేయదు.

మొదటిరోజంతా ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు కిటికీ దగ్గర. మధ్యలో తొమ్మిదిమందిమి వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. సాయంత్రం నుంచి వాన కురిసింది. తెల్లారి చూస్తే తలుపు నీరు పట్టి ఉబ్బి, ద్వారబంధంలో బిగుసుకుపోయింది. పదకొండుమందిమి లోపలే.

పెద్దమావయ్య పరికరాల పెట్టె తెరిచి మడతబందుల సీలలు లాగాడు. బరువైన తలుపు ఒరిగింది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఎవరూ పిలవకుండానే చిన్నమావయ్య వచ్చి రెండో అంచు పట్టుకున్నాడు. అతను పట్టుకుని నిలబడితే ఆయన అంచు మీద చిత్రిక పట్టాడు. చెక్కపొట్టు మా పాదాల మీద రాలుతోంది. తలుపు మళ్ళీ ఎక్కించారు. అది చప్పుడు లేకుండా మూసుకుంది. పెద్దమావయ్య అరచేత్తో తట్టాడు.

“సరిపోయింది.”

చిన్నమావయ్య ముఖం మాడిపోయింది. “అప్పుడూ ఇదే అన్నావు.”

“ఎప్పుడు?”

“ఈ తలుపు బిగించిన రోజు. ఆ ఉద్యోగం మానేస్తాను, నీ కొట్లోనే నీతో కలిసి పని చేస్తానన్నయ్యా అని అడిగాను. నా ముఖం కూడా చూడకుండా సరిపోయింది అన్నావు.”

చాల్లే సంబడం అన్నట్టు వినిపించిందన్నమాట అతనికి. ఏడేళ్ళు ఆ ఒక్క మాటను నెమరేసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

పెద్దమావయ్య తమ్ముణ్ణి తేరిపార చూశాడు. “నువ్వు అడిగావా? నేను తలుపును అన్నానురా.”

“పక్కనే నిలబడి అడిగితే వినబడలేదా?”

“ఏ పక్క?”

“ఎడమ పక్క.”

ఆయన తల దించుకున్నాడు. “ఆ చెవి రంపం మిషను దగ్గర ఎప్పుడో పోయింది. మీకు చెప్తే పని మానిపిస్తారని చెప్పలేదు.”

అమ్మ “అన్నయ్యా” అని పొయ్యి పక్కనే కూలబడింది. అప్పుడు మా ముక్తసరి మేస్త్రి, నా ఎరుకలో మొదటిసారి, ఎవరూ అడగకుండా మాట్లాడాడు.

“ఆ ఎండాకాలమే కొట్లో నీకని రెండో పనిబల్ల చేశాను. ఇల్లు పూర్తయ్యాక అడుగుదామనుకున్నా. నువ్వు వెళ్ళిపోయావు. నీకు నాతో పని చేయడం ఇష్టం లేదేమో అనుకున్నా. దాని దగ్గర ఇంకెవర్నీ నిలబెట్టలేదురా.”

చిన్నమావయ్య చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. తలుపు తీసి ఒకసారి బయటికి చూసి, మళ్ళీ అన్న దగ్గరికి వచ్చాడు. ఈసారి కుడి పక్కన నిలబడ్డాడు.

“సోమవారం నుంచి రానా?” అన్నాడు.

“సోమవారం దాకా ఎందుకురా?”