మర్జాన్‌కు తిరుగు టికెట్టు

మర్జాన్ దేశపు మాజీ అధ్యక్షుడు యూసుఫ్ దరానీ సింగపూర్‌లో ప్రసంగించి, మర్నాడే స్వదేశానికి వెళ్లిపోతున్నారని రెహానా ఫోన్ చేసింది. దిగగానే అరెస్టు చేస్తారని అందరూ అనుకుంటున్నారట. ఆయన పాలనలో అక్కడి ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లలో నేనొకదాన్ని. రెహానా నా మొదటి బ్యాచ్ విద్యార్థిని, ఇప్పుడు సింగపూర్‌లో పరిశోధన చేస్తోంది. ఆఫీసుకు సెలవు పెట్టి శుక్రవారం రాత్రి బేగంపేటలో విమానమెక్కాను.

పక్క సీట్లో జగిత్యాల మనిషి. సింగపూర్‌లోని తువాస్ షిప్‌యార్డులో వెల్డరు. ఎందుకు వెళ్తున్నానో చెబితే ఆశ్చర్యపోయాడు.

"గెలిచినోడు ఓడినోన్ని ఊళ్లె ఉండనియ్యడు మేడం. గట్లాంటప్పుడు ఎందుకు పోవుడు?"

తెల్లవారాక చాంగీ విమానాశ్రయంలో దిగాను. జురాంగ్ వెస్ట్‌లో మా పిన్ని కొడుకు శ్రీను ఇంట్లో బస. ఉప్మా తిని కాసేపు నిద్రపోయి, మధ్యాహ్నం బూన్ లేలో రైలెక్కి క్లెమెంటీలో దిగాను. అక్కడి నుంచి ప్రసంగం జరిగే యూనివర్సిటీకి బస్సు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ టికెట్ కార్డు మెషీన్‌కు తాకించాలి, కొత్తవాళ్లు మరిచిపోకండి.

నాలుగింటికే హాలు నిండిపోయింది. దరానీ ఒకప్పుడు లా కాలేజీ మాస్టారు. ఆయన గెలుస్తారని ఆయన పార్టీయే అనుకోలేదు. గెలిచాక మూసేసిన పత్రికలకు అనుమతులిచ్చారు, పల్లెల్లో ఆడపిల్లల కాలేజీలు తెరిచారు. మతపెద్దల మండలి ఆయన చట్టాలను తిప్పి పంపింది. ఆయన మంత్రులు జైలుకెళ్లారు. అయినా రెండోసారి ఇంకా పెద్ద మెజారిటీతో నెగ్గారు. పదవీకాలం ముగిశాక వచ్చినవాళ్లు కాలేజీలకు తాళాలు వేశారు.

ఇదంతా ఆయన మెల్లగా, గొంతు పెంచకుండా చెప్పారు. వెనక నుంచి ఒక మర్జాన్ కుర్రాడు లేచి, విద్యార్థులపై సైన్యం కాల్పులు జరిపిన రోజున ఎందుకు రాజీనామా చేయలేదని నిలదీశాడు.

"నేను దిగిపోతే కాలేజీలు ఆరోజే మూతపడేవి, అందుకే ఉన్నాను" అన్నారాయన. "అది తప్పో ఒప్పో చెప్పాల్సింది ఆ పిల్లల తల్లులు. వాళ్లకు ఇక్కణ్నుంచి జవాబు చెప్పలేను. అందుకే వెళ్తున్నాను."

కుర్రాడు కూర్చోలేదు, చప్పట్లూ కొట్టలేదు.

బయట హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో నూడుల్స్ తింటుంటే రెహానా తానూ అదే విమానంలో వెళ్తున్నానని చెప్పింది. పరిశోధన పూర్తి చేయమన్నాను, ఇక్కడ ఉద్యోగాలు పిలిచి ఇస్తున్నారన్నాను. అన్నీ ఓపిగ్గా విన్నది.

"టీచర్, మీరు రెండేళ్లు ఉండి వచ్చేశారు. అది నా ఊరు" అంది.

ఆదివారం ఉదయం శ్రీనుతో చాంగీ వెళ్లాను. దరానీ తన పెట్టె తానే లాక్కుంటూ అందరితోపాటు వరుసలో నిలబడ్డారు. శ్రీను నా చెవిలో, "ఆపచ్చు కదక్కా ఆ పిల్లని" అన్నాడు. ఆపలేదు. రెహానాను దగ్గరికి తీసుకుని పంపించాను.

నా విమానం మర్నాటి సాయంత్రం. లాంజ్‌లోని టీవీలో వార్త వచ్చింది: ముందు రోజు రాత్రి దరానీని విమానం మెట్ల దగ్గరే అదుపులోకి తీసుకున్నారు. విమానాశ్రయం గేటు బయట వందలాది ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. బూత్ నుంచి రెహానా ఇంటికి ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది.

పొద్దుణ్నుంచీ ఆ ఆడవాళ్లతోనే కూర్చుని, అప్పుడే అన్నం తినడానికి వచ్చిందట. కాలేజీ తాళం ఎవరూ తీయలేదు కాబట్టి మేనత్త ఇంటి వరండాలో క్లాసు మొదలుపెడుతున్నామంది. ఒక పాత కంప్యూటర్ ఉందంది.

విమానం లేచాక కిటికీలోంచి సముద్రంలోని ఓడల దీపాలు చూస్తూ కూర్చున్నాను. దరానీ తన దేశంలో మొదలుపెట్టిన పని ఓడిపోయిందని పత్రికలు రాస్తున్నాయి. ఫోన్లో నేను విన్న రెహానా గొంతులో మాత్రం ఓటమి లేదు, ఆకలి ఉంది, తొందర ఉంది. భోజనం వడ్డించామని, త్వరగా ఫోను పెట్టేయమని అప్పుడు వెనక నుంచి ఎవరో ఆమెను పిలుస్తూనే ఉన్నారు.