ఓబులేసు సారు పలకలేని పొటాషియం

నిన్న గుంతకల్లులో, నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసే ఆసుపత్రిలో, మూతి వంకర పోయిన ఒకాయన టీ తాగుతుంటే సగం చొక్కా మీదికి కారింది. తడిసిన గుడ్డ నుంచి అల్లం టీ వాసన రాగానే ఓబులేసు సారు గుర్తొచ్చి నవ్వేశాను. పాపం, ఆయన చిన్నబుచ్చుకున్నాడు. క్షమించమని చెప్పి, సారు సంగతంతా ఆయనకు చెప్పాల్సి వచ్చింది.

సారు ఉరవకొండలో మాకు ఇంటర్మీడియెట్ జంతుశాస్త్రం చెప్పేవారు. నేను నోరు విప్పని పిల్లను. హాజరు పిలిస్తే నా బదులు పక్కనున్న లక్ష్మీదేవి పలికేది. నాడీకణం పాఠం రోజు సారు అబ్బాయిలను బయట నిలబెట్టి "మీరు సోడియం" అన్నారు. లోపలున్న అమ్మాయిలం పొటాషియం. గదే నాడీకణం.

"ముందు తలుపు తీస్తానే సోడియం లోపలికి దూకల్ల. కరెంటు పుడతాది. ఆ యెనకనే రెండో తలుపులో పొటాషియం బయటికి పోవల్ల. నరం పొడుగునా ఇట్లే జరుగుతా పోతే, అదేనప్పా కబురు!"

తలుపు తీయగానే సోడియం జనరల్ బోగీలోకి ఎక్కినట్టు ఎక్కింది. బెంచీ విరిగింది. ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చారు.

"ఏమప్పా ఓబులేసూ, స్ట్రైకా?"

"కాదు సార్. నరం."

ఆ పాఠం పూర్తి కాకముందే సారు ముఖంలో ఎడమ సగం జారిపోయింది. గాలి సోకిందని, చెంప మీద వాత పెట్టిద్దామని వాళ్ల అత్త పట్టుబట్టిందట. సారు తప్పించుకుని ఆసుపత్రికి పోయి, మందులు తెచ్చుకుని, మూతపడని కంటికి గుడ్డ కట్టుకుని, వంకర మూతిలోంచి అల్లం టీ కారి తడిసిన చొక్కాతోనే క్లాసుకు వచ్చారు. మేము బిక్కచచ్చిపోయాం.

"అట్ల చూస్తారేమప్పా? మెదడు నవ్వమని చెప్తానే ఉండాది. దావలో నరం వాచి, కబురు మూతికి చేరకుండా ఆడనే నిలబడింది. నేను సగమే నవ్వుతా, మిగతా సగం మీరు నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఆయన పాఠం ఎత్తుకున్నారు. అప్పటిదాకా ముద్దగా వస్తున్న మాటల్లో, పెదవులు కలవక పొటాషియం మరీ 'ఫొటాషియం' అయింది. వెనక బెంచీ కిసుక్కుమంది. మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ 'ఫొ'నే. మాటే బతుకుతెరువైన మనిషి. గదంతా చూసి నా దగ్గర ఆగారు.

"ఏమ్మే, ఆ మాట నువ్వు చెప్పు."

చెప్పాను. నాకే వినబడలేదు.

"నరంలో సగం కబురు ఉండదు మ్మే. పోతే పూర్తిగా పోతాది, లేకుంటే లేదు. గట్టిగా!"

అరిచాను. పక్క గదిలోంచి లెక్కల సారు తలుపు తీసి చూశారు. అప్పటి నుంచి పెదవులు కలవాల్సిన మాటలన్నీ నావే. సారు ఆగితే నేను అందుకునేదాన్ని: పొర, బయట, మెదడు. ఇంట్లో కూడా అదే గొంతు. "ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టినావే దీన్ని?" అని నాయన చెవులు మూసుకునేవాడు.

చేలల్లో వేరుశనగ పీకుతున్న రోజుల్లో, పాఠం మధ్యలో లక్ష్మీదేవి "సార్, కనుబొమ్మ లేసింది!" అని కేకేసింది. సారు చెంప తడుముకున్నారు. పెదవులు బిగించి, మెల్లగా, "పొటాషియం" అన్నారు. గదంతా బెంచీల మీద దరువేసింది. నేనూ చప్పట్లు కొట్టాను, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఉద్యోగం పోయింది కదా.

సారు అది చూసి, "ఏడ్చొద్దు మ్మే. 'బయట' అనేది ఇంకా నాకు నోరు తిరగదు, అది నువ్వే చెప్పల్ల" అన్నారు. ఆ 'బయట' ఎంత శుభ్రంగా పలికారో ఆయనా గమనించనట్టే ఉన్నారు, నేనూ అంతే.

సారు పోయి కొన్నేళ్లయింది. నేను మాత్రం మూతి వంకర పోయినవాళ్లు ఎవరొచ్చినా, పలకలేని మాట ఏదో ముందు అడుగుతాను. వాళ్లకు వచ్చేదాకా వాళ్ల తరఫున నేనే పలుకుతాను. ఆమధ్య ఒక పెద్దాయనకు పెళ్లాం పేరే నోరు తిరగలేదు. ఆయన బదులు నేను "పద్మావతీ!" అని ఒక్క కేక పెట్టాను. వరండా చివర కునుకు తీస్తున్న ఆమె ఉలిక్కిపడి లేచి, "వస్తాండా, వస్తాండా!" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది.