ఆత్మకూరు మీద ఐదూ నలభై

నేను దయ్యాలను నమ్మను. నమ్మే అవసరం ఎప్పుడూ రాలేదు. వెయ్యి గంటలు విమానం నడిపిన మనిషిని. మబ్బుల పైనుంచి ఉదయగిరి కొండను చూసినవాణ్ణి దయ్యం ఏం భయపెడుతుంది?

సరే, విమానం మా ఇంట్లోదే. ఆత్మకూరులో మా ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కంప్యూటరులో నడిపేది. ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. కొండలు, రోడ్లు, ఎండ, వాన అన్నీ తెరమీద ఉన్నదున్నట్టు కనిపిస్తాయి. వెయ్యి గంటలన్నది కూడా కొంచెం సాగదీసిన లెక్క. భోంచేసేటప్పుడు, కునుకు తీసేటప్పుడు ఆపకుండా వదిలేసిన గంటలన్నీ అందులో ఉన్నాయి. అవి తీసేస్తే రెండు వందలు మిగలవచ్చు.

కానీ ఇప్పుడు చెప్పబోయేది సాగదీసింది కాదు.

నా పేరు ప్రకాశం. డెబ్బై నాలుగేళ్లు. ఒకప్పుడు ఆత్మకూరు బస్టాండులో ఒక ప్రైవేటు సర్వీసుకు టైమ్ కీపరుగా పనిచేశాను. ఆ సర్వీసు మూతబడి చాలా కాలమైంది. వచ్చిన ప్రతి బస్సు టైము రిజిస్టరులో రాసి డ్రైవరు చేత సంతకం పెట్టించడం నా పని. బస్సు ఆలస్యమైతే వెనక వచ్చే వేరేవాళ్ల బస్సు జనాన్ని ఎక్కించుకుపోతుంది. అందుకని మా ఓనరు ఆ రిజిస్టరును బైబిలు చదివినట్టు చదివేవాడు.

అలాంటివాణ్ణి కాబట్టి విమానంలో గడియారం తప్పు చూపిస్తుంటే ఊరుకోలేకపోయాను. మా గోడ గడియారం ఐదు చూపిస్తే తెరమీద ఐదున్నర. కిటికీలో ఎండ ఇంకా మంచం మీద పడుతూ ఉంటే తెరమీద సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయేవాడు. ఇంటర్నెట్‌లో ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాట్లాడుకునే చోట అడిగాను. ఎవరో పుణ్యాత్ముడు జవాబిచ్చాడు. మన దేశం టైము గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు కదా, ఆ ప్రోగ్రాము అరగంటలను లెక్కపెట్టదట, ఐదున్నరను ఆరు చేసేస్తుందట. లోకల్ టైము ఎంపిక తీసేసి, ఐదున్నర అని చేత్తో రాసుకోమన్నాడు. రాశాను. నెల్లూరు మీద సరిపోయింది. తిరుపతి మీద సరిపోయింది. బెంగళూరు దాకా పోయి వచ్చాను, నిమిషం తేడా లేదు.

ఒకరోజు సాయంత్రం ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బయలుదేరాను. దారంతా టైము సరిగ్గా ఉంది. తెరమీద బస్టాండు పైకి వచ్చేసరికి మా గోడ గడియారం ఐదూ పది. విమానంలో ఐదూ నలభై.

వెనక్కి తిప్పాను. ఊరు దాటగానే టైము సరిపోయింది. మళ్లీ ఊరిమీదికి వచ్చాను. ఐదూ నలభై.

ఏ ప్రాంతానికి ఏ టైమో రాసిన ఫైలు ఒకటి ఆ ప్రోగ్రాములో ఉంటుంది. తెరిచి చూశాను. దేశం మొత్తానికి ఒకటే టైము. ఆత్మకూరుకు వేరేగా ఏమీ రాసి లేదు. ప్రోగ్రామంతా తీసేసి మళ్లీ ఎక్కించాను. ఐదున్నర మళ్లీ చేత్తో రాశాను. అయినా అంతే.

ఈసారి పొద్దున పది గంటలకు నడిపాను. అరగంట తప్పే అయితే పదిన్నర చూపించాలి గదా. బస్టాండు పైకి రాగానే ఐదూ నలభై చూపించింది. ఎండ రంగు మారింది, చెట్ల నీడలు తూర్పుకు సాగినాయి. మా ఆవిడ మరియమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర చూసి, కిటికీ చూసింది.

"ఏందయ్యా, నీ ఊర్లో అప్పుడే పొద్దుగూకిందా?"

నాకు ఆ టైము తెలుసు. ఐదూ నలభై అని రాసింది నా చెయ్యే.

ఉదయగిరి బస్సు డ్రైవరు ఖాదర్ బాషా. ఆత్మకూరులో అతని టైము సాయంత్రం ఐదూ పది. దారిలో జనం అతని బస్సు హారను విని వాచీలు సరిచేసుకునేవారు. అదే నాకు మంట. టైమ్ కీపరును నేను, పేరు అతనిది. పైగా వచ్చినప్పుడల్లా నా బల్ల మీద తట్టి, "ఏందిరా ప్రకాశం, నీ గడియారానికి కీ ఇచ్చినావా, నేను వచ్చి ఇయ్యాల్నా?" అనేవాడు. ప్యాసింజర్లు నవ్వేవాళ్లు.

అది భరించాను. భరించలేనిది ఇంకొకటి జరిగింది. మరియమ్మ పుట్టింటి నుంచి వస్తూ ఉదయగిరిలో రెండు నిమిషాలు ఆలస్యంగా బస్టాండుకు చేరితే, ఖాదర్ ఆమెను వదిలేసి వచ్చేశాడు. నేను అడిగితే, "టైమ్ కీపరు పెండ్లామైతే మాత్రం? టైమంటే టైమే" అని అందరి ముందరా అన్నాడు.

మరుసటి రోజు అతను సరిగ్గా ఐదూ పదికి వచ్చాడు. నేను ఐదూ నలభై అని రాశాను. టీ గ్లాసు చేతిలో పట్టుకుని చూడకుండా సంతకం పెట్టాడు. ఎప్పుడూ అంతే. తన టైము మీద ఎంత నమ్మకమో నా రిజిస్టరు మీదా అంతే. ఆ సంతకం చూసి ఎంత హాయిగా నిద్రపోయానో ఇప్పటికీ గుర్తుంది.

ఓనరు అతన్ని తీసేశాడు. పోయే రోజు నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి బల్ల తట్టలేదు.

"నీ గడియారం నేను తిప్పుతా ప్రకాశం. చూస్తా ఉండు."

తర్వాత ఖాదర్ లారీలు తోలాడని విన్నాను. ఆరేళ్ల కిందట చనిపోయాడు. కానీ ఉదయగిరిలో 'అరగంట ఖాదరు' అన్న పేరు మాత్రం చావలేదు. ఆ పేరు విన్నప్పుడల్లా నేను లోపల నవ్వుకునేవాణ్ణి. ఐదూ నలభై తెరమీద కనిపించిన తర్వాత ఆ నవ్వు రావడం లేదు.

వారం రోజులు చూసి, ఉదయగిరి బస్సెక్కాను. ఖాదర్ కూతురు షమీం అక్కడ బట్టలు కుడుతుంది. అంగడి ఎక్కడని బస్టాండులో అడిగితే, "అరగంటోళ్ల షమీమా?" అన్నారు. ఆ మాట తండ్రితో ఆగలేదని అప్పుడు తెలిసింది.

నేనెవరో చెప్పాను. ఒకరోజు తప్పు టైము రాశానని చెప్పాను. ఆమె మిషను ఆపలేదు.

"ఒక్క రోజుకే డ్రైవరును తీసేస్తారా పెద్దాయనా?"

"పదకొండు రోజులమ్మా" అన్నాను.

మిషను ఆగింది.

"మా నాయన చచ్చేదాకా చేతికి మళ్లా వాచీ పెట్టలేదు. ఎవురైనా టైమెంత అంటే లేచి పొయ్యేవాడు. నా పెండ్లిలో గూడా ఎగతాళి చేసినారు, పెండ్లికూతురు అరగంట లేటుగా వస్తాదంట అని."

"తప్పయిపోయిందమ్మా."

"క్షమించమని అడగబాక. నేను క్షమించను. ఇక్కడ నాకొక్కదానికి చెప్పి పోతే ఊర్లో నోళ్లు మూతబడతాయా? నలుగురు చదివేచోట రాయి. నీ పేరు పెట్టి రాయి. నవ్వినోళ్లందరూ చదవాల."

కంప్యూటరు సంగతి, ఉద్యోగం పోయిన రోజు వాళ్ల నాయన నాతో అన్న మాట కూడా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, భయపడలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ, "తిప్పనీ. బాగా తిప్పనీ" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఉదయగిరి ఖాదర్ బాషా ఆ పదకొండు రోజుల్లో ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా రాలేదు. ఆలస్యం నేను పుట్టించింది. ఆ ఇంటివాళ్లను అరగంటోళ్లని పిలిచే ప్రతి నోటికీ ఆ మాట అందించిన వాణ్ణి నేనే.

ఇంత రాశాక, ఇక వదిలేస్తాడనుకుని నిన్న మళ్లీ విమానం ఎక్కాను. ఉదయగిరి నుంచి బయలుదేరాను. గోడ గడియారం, ఫోను, మరియమ్మ చేతి వాచీ మూడూ ముందు పెట్టుకున్నాను. మూడింటిలోనూ పన్నెండూ ఐదు. ఆత్మకూరు బస్టాండు పైకి వచ్చాను.

ఐదూ నలభై.

ఏమిటో నాకు తెలియదు. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లెవరైనా చెబితే వింటాను. అన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా ఆ మనిషి నా దగ్గర ఇంకేం కోరుతున్నాడో అర్థం కావడం లేదు. ఆ మాటే పైకి అని, రాసిన కాగితాలు మరియమ్మ చేతికిచ్చాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. ఒకచోట వేలు పెట్టి ఆగింది.

"రెండు నిమిషాలని రాసినావేంది? ఆ రోజు నేను బస్టాండుకు పొయ్యింది అరగంట లేటు. ఇంటికొచ్చినాక నీకా మాటే చెప్పినా. నువ్వు విన్నావు గూడా."