అరువు తెచ్చిన జబ్బ

మెదక్‌లో తాజ్‌బీ పట్టుకోని చెయ్యి లేదనే చెప్పాలి. గాజుల గంప నెత్తిన పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా ఆమె తిరగని వాడ లేదు. పెళ్ళికూతుళ్ళ చేతులు, బాలింతల చేతులు, కలుపు తీసి మొద్దుబారిన చేతులు. వేళ్ళు దగ్గరికి నొక్కి, ఎదుటి మనిషిని మాటల్లో పెట్టి, నొప్పి తెలిసేలోపు గాజు ఎక్కించేసేది. కరిచే కుక్కలకు ఆమె భయపడలేదు. తాగి అడ్డం వచ్చే మగవాళ్ళకూ భయపడలేదు. ఆమెకున్న భయమల్లా ఒక్కటే, టీకా.

నిజాం కాలంలో ఆమె మొదటి కొడుక్కి మశూచి టీకా వేశారు. జబ్బ వాచింది, చీము పట్టింది, వారం తిరగకుండా పిల్లవాడు పోయాడు. టీకా వల్ల పోయాడో, పుండు మీద ఎవరో రాసిన పసరు వల్ల పోయాడో చెప్పగలిగిన వాళ్ళు లేరు. తాజ్‌బీ మాత్రం టీకానే అనుకుంది. తరవాత పుట్టిన కూతురు అఖ్తరున్నీసాను టీకాల వాళ్ళకు దొరకనివ్వలేదు. ఆ కూతురు కాన్పులో పోతూ వదిలివెళ్ళిన ముక్తార్‌నూ దొరకనివ్వలేదు. వాడలో టీకాల సంచీ కనబడితే చాలు, పిల్లవాణ్ణి జొన్నల గుమ్మి వెనక కూచోబెట్టి నోటికి బెల్లం ముక్క ఇచ్చేది.

ముక్తార్‌కు నాలుగేళ్ళు వచ్చిన ఏడు బొంబాయి నుంచి కార్డు వచ్చింది. తాజ్‌బీ మొగుడు ఫక్రుద్దీన్ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. హజ్‌కు వెళ్ళే ఓడలో చోటు కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకుంటే ఇప్పటికి దొరికింది. మొగుడికీ పెళ్ళానికీ చోటుంది. మరి పిల్లవాడో? తండ్రి హకీం రెండో పెళ్ళి చేసుకుని చేగుంటలో ఉంటున్నాడు. ఆ కొత్త పెళ్ళాం ఒక్క పండక్కయినా పిల్లవాణ్ణి పిలిచిన పాపాన పోలేదు. నానీ అని పిలిచే అమ్మమ్మ పక్కన లేకపోతే వాడు ముద్ద మింగడు, కన్ను మూయడు. వాడన్నా ఓడ ఎక్కాలి, లేదా తాజ్‌బీ అన్నా ఇంట్లో ఉండిపోవాలి. మూడో దారి లేదు.

అక్కడి నుంచి కాగితాల వేట మొదలైంది. తండ్రికి అభ్యంతరం లేదని స్టాంపు కాగితం, దాని మీద తహసీలు ముద్ర, వాడు ఏడుస్తుండగానే తీయించిన ఫొటో. ఫక్రుద్దీన్‌కు ఉర్దూ తప్ప చదవడం రాదు. ఏ కాగితం ఏమిటో రంగును బట్టి గుర్తుపెట్టుకుని, అన్నీ మైనం గుడ్డలో చుట్టి దిండు కింద పెట్టుకునేవాడు. ఆఖరున మిగిలింది పిల్లవాడి పచ్చ కాగితం. టీకా వేసుకున్నట్టు దవాఖానా ఇచ్చేది. అది లేనిదే పసిపిల్లనైనా ఓడ మెట్టు మీద కాలు పెట్టనివ్వరు.

దవాఖానాలో హెల్త్ ఇన్‌స్పెక్టర్ మదన్ మోహన్ పిల్లవాడి చొక్కా చెయ్యి పైకి మడిచి చూశాడు. నున్నటి జబ్బ.

"నాలుగేండ్లు ఎక్కడ దాస్తివమ్మా వీన్ని?"

"ఎక్కడ దాస్త సార్. మీరొచ్చిన దినం వాడు ఊర్ల లేకుండె."

"నేనొచ్చిన ప్రతిసారి ఊర్ల లేడా? వీనికేమన్న ఎల్దుర్తిల జమీన్లున్నయా?"

వరుసలో నిలబడ్డ వాళ్ళు నవ్వారు. తాజ్‌బీ నవ్వలేదు. అతను మందు చుక్క వేసి, చిన్న ముళ్ళ బిళ్ళను చర్మం మీద గిర్రున తిప్పాడు. "తుడవద్దు. దానంతటదే ఆరాలె," అన్నాడు.

గేటు దాటాక కుళాయి ఉంది. తాజ్‌బీ వెనక్కి చూసింది. ఎవరూ రావడం లేదు. కొంగు తడిపి ఆ చోటంతా గట్టిగా రుద్ది తుడిచింది.

"నానీ, సార్ తుడవద్దన్నడు."

"సార్‌కు ఊరంత పిల్లలే. నాకు నువ్వొక్కనివే. నడువ్."

ఆ సాయంత్రం ఫక్రుద్దీన్ చల్లగా చెప్పాడు. "కాయితం ఎనిమిదో దినం ఇస్తరట. పొక్కు లేసిందా లేదా చూసి, అప్పుడు దస్కతు పెడ్తరు."

"లేవకపోతె?"

"మళ్ల ఏస్తరు, మళ్ల ఎనిమిది దినాలు. గప్పటికి మన హజ్ జమాత్ రైలెక్కి ఉంటది. లేస్తది తీ, ఎందుకు లేవది?"

టీకా పొడిస్తే పని అయిపోయిందనుకుంది గానీ, దాని గుర్తును అడుగుతారని తాజ్‌బీకి తెలియదు. రోజూ పొద్దున్నే ముక్తార్ జబ్బను వెలుతురులోకి తిప్పి చూసుకునేది. ఏమీ లేదు. గీరుకున్న గీతలు కూడా మాసిపోతున్నాయి. లేవకూడదని తానే తుడిచింది. ఇప్పుడు లేవలేదని తానే వణుకుతోంది. గాజులు ఎక్కిస్తూ ఇద్దరు ముగ్గురి మణికట్ల మీద పగలగొట్టింది. ఎన్నడూ లేనిది.

గోడ అవతల ఇల్లు సౌభాగ్యమ్మది. మిషన్ బడిలో వంట చేస్తుంది. ఆమె మనవడు గాబ్రియేలుకు ముక్తార్ ఈడే. వాడికీ అదే రోజు టీకా పడింది. రెండు రోజులు జ్వరం కాసి, జబ్బ మీద నిండుగా పొక్కు లేచింది. తాజ్‌బీ కళ్ళు ఆ పొక్కు మీద నిలిచిపోయాయి. ఊళ్ళో అన్ని చేతులూ ఎరిగిన మనిషికి ఒక జబ్బకు బదులు ఇంకో జబ్బ చూపాలన్న ఆలోచన రావడం వింత కాదు.

ఎనిమిదో రోజు ఫక్రుద్దీన్ ఏదో ముద్ర తక్కువైందని తహసీలుకు వెళ్ళాడు. ముక్తార్ నిద్రపోతున్నాడు. తాజ్‌బీ గోడ మీంచి తొంగి చూసింది.

"మా వాడు పండుకున్నడు సౌభాగ్యా, జర కనిపెట్టు. బజారుకు పోతున్న. మీ పిల్లగాన్ని తోల్కపోనా, బతాసలు కొనిస్త?"

"తోల్కపో. ఇల్లు జర చల్లబడ్తది," అంది సౌభాగ్యమ్మ.

దవాఖానాలో వరుస పొడుగ్గా ఉంది. మదన్ మోహన్ తల ఎత్తడం లేదు. ఆయన ముందు జబ్బలే కదులుతున్నాయి, మొహాలు లేవు.

"పేరు?"

"ముక్తార్. హజ్ కాయితం సార్."

గాబ్రియేలు తల పైకెత్తి చూశాడు. ఆమె వాడి అరచెయ్యి నొక్కింది.

"మంచిగ లేసింది," అన్నాడు మదన్ మోహన్. దస్కతు చేసి ముద్ర కొట్టాడు.

బజారులో బతాసా బుగ్గన పెట్టుకుని వాడు అడిగాడు. "తాజవ్వా, నా పేరు ముక్తారా?"

"గీ ఒక్కపారికి."

"మరి ముక్తార్ పేరేంది?"

ఆమె వాడి చేతిలో ఇంకో బతాసా పెట్టింది.

ఇంటికి వచ్చిన ఫక్రుద్దీన్ పచ్చ కాగితం కళ్ళకద్దుకున్నాడు. తహసీలులో ఒక పాత హాజీ కలిశాడట. "ఎన్కట ఒక ఓడల అమ్మవారు పోసిందట తాజ్. నడి సముద్రంల. దవా లేదు, దిగనీకె జాగ లేదు. చిన్న పిల్లలనే ఎక్కువ కొట్టిందట. బట్టల చుట్టి నీళ్ళల్ల ఇడిసిండ్రట. గందుకే గీ కాయితానికి గింత సక్తీ."

తాజ్‌బీ పెరటి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఒకే చావును చూస్తూ వచ్చింది. రెండోది తానే చేజేతులా మూటగట్టి ఓడలోకి ఎక్కిస్తోంది. పెరట్లో ముక్తార్ ఆడుకుంటున్నాడు, నున్నటి జబ్బతో.

"అజీ, జర ఇట్ల కూసో," అంది. అంతా చెప్పింది. కుళాయి దగ్గర తుడవడం, గాబ్రియేలును తీసుకుపోవడం, ఏదీ దాచలేదు.

ఫక్రుద్దీన్ పచ్చ కాగితాన్ని నేల మీద పెట్టాడు.

"కొడుకు నీకొక్కదానికే పోయిండా? నాకు పోలేదా?" అన్నాడు. "నేను ఒక్కనాడన్న పిల్లగాన్ని దాచిన్నా?"

"నాకు భయమైంది."

"నాకు లేదా భయం? రోజుకింత తింటున్న దాన్ని. లే, వాన్ని ఎత్తుకో. గీ కాయితం పట్టుకొని నేను కాబా ముంగట ఎట్ల నిలబడాలె?"

దవాఖానాలో మదన్ మోహన్ అంతా విన్నాడు. మొహం నల్లబడింది. "దస్కతు నాది తాజ్‌బీ. నా నౌకరీ పోతదమ్మా. గది సోచాయించినవా?" కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ముక్తార్ జబ్బ పట్టుకుని మళ్ళీ టీకా వేశాడు. "గిప్పుడు గూడ లేవకపోతె ఓడ సంగతి మర్చిపోండ్రి. లేస్తె ఓడకు అందే ఆఖరు రైలు అందుకుంటరు. ఈపారి చేతులు కట్టేసుకో."

రెండు రోజులకు రైలు అందుకోవడానికి జమాత్ బస్సెక్కింది. పూలదండలు వేయించుకున్న వాళ్ళలో ఫక్రుద్దీన్ లేడు. ఎందుకు ఆగారని అందరూ అడిగారు. పిల్లవాడికి ఒంట్లో బాగాలేదన్నాడు.

అదీ నిజమే అయింది. నాలుగో రోజు ముక్తార్ ఒళ్ళు పెనంలా కాలింది. జబ్బ ఎర్రగా ఉబ్బింది. తాజ్‌బీ వాడి పక్కన గోడకు ఆనుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచుంది. పోయిన కొడుకు జబ్బ కూడా మొదట ఇలాగే ఉంది. పసరు రాయమని వాడలో ఒకరు, పసుపు రాయమని ఒకరు చెప్పి వెళ్ళారు. ఆమె ఎవరి మాటకూ కదల్లేదు. పెదవులు మాత్రం దువాలో కదులుతూనే ఉన్నాయి.

సౌభాగ్యమ్మ గంజి తెచ్చింది. గాబ్రియేలు నోట కథంతా అప్పటికే ఆమెకు చేరింది.

"మా వాన్ని తుర్కోన్ని చేస్తివట గదనే. పేరు మార్చనీకె మా చర్చి అయ్యగారు ఎన్ని దినాలు తిప్పుతడు, నువ్వు ఒక్క బతాసకు కానిస్తివి."

"తిట్టు సౌభాగ్యా. తిట్టించుకునే పనే చేసిన."

"తిట్టుడు తర్వాత. ముందుగాల్ల గీ గంజి తాపియ్యి. మా వానికి గూడ గిట్లనే కాలింది. మూడో పొద్దుకు లేసి నా కొంగు వట్టుకొని అన్నమడిగిండు."

తాజ్‌బీ నమ్మలేదు. నమ్మాలని ఉంది గానీ నమ్మలేదు. ముక్తార్ చెయ్యి కదిపి మూలిగినప్పుడల్లా ఆమె జబ్బ మీదికి వంగి చూసేది. ఆరో నాటి పొద్దున వాడు కళ్ళు తెరిచి, "నానీ, ఆకలైతుంది," అన్నాడు. జబ్బ మీద పొక్కు ముత్యంలా నిండి ఉంది. ఆమె రొట్టె తుంచి వాడి నోటికి అందించింది.

గడువు రోజున మదన్ మోహన్ జబ్బ చూశాడు. తల ఊపి కలం తీశాడు. తాజ్‌బీ ముక్తార్ గడ్డం పట్టుకుని వాడి మొహాన్ని ఆయన వైపు తిప్పింది.

"జర మొఖం గూడ చూడుండ్రి సార్. తర్వాత రాయుండ్రి."

ఆయన మొహం చూశాడు, ఫొటోతో పోల్చాడు, మళ్ళీ జబ్బ చూశాడు. అప్పుడు రాశాడు.