తాత పటం అద్దం

ఫొటోలు తీయడం కంటే ఫొటోగ్రాఫరులా కనబడటం మీదే నాకు ఎక్కువ ధ్యాస ఉన్న రోజులవి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. కంభంలో మా స్టూడియో యజమానిని ఊరంతా ‘కదలొద్దు మామ’ అనేవారు (ఫొటో తీసేటప్పుడే కాదు, పెళ్లి భోజనంలో లడ్డూ బుట్ట దాటిపోతుంటే కూడా ఆయన ఆ మాటే అనేవాడు). ఆయన దగ్గర ఒక పెద్ద చెక్క కెమెరా ఉండేది. మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి, నెత్తిన నల్లగుడ్డ కప్పుకొని, వెనకున్న మసక అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి సరిచేసుకోవాలి. గుంపు ఫొటోలకు అదే. దాన్ని సైకిల్ క్యారియర్‌కు కట్టుకొని పల్లెలు తిరగడం నా ఉద్యోగం.

ఒక ఆదివారం అర్ధవీడు దగ్గరి పల్లె నుంచి కబురొచ్చింది. అక్కడొక అవ్వకు ఇద్దరు కొడుకులు. మర్నాడు తెల్లారే అవ్వ, పెద్దకొడుకు సంసారం గుంటూరు వైపు మిరపకోతలకు పోతున్నారు. చిన్నకొడుకు సంసారం కూలిపనికి హైదరాబాదు పోతోంది. మళ్లీ అందరూ ఎప్పుడు కలుస్తారో తెలియదు కాబట్టి పొద్దు గూకేలోగా ఫొటో కావాలని అవ్వ పట్టు.

“నల్లగుడ్డ అద్దానికి చుట్టి కట్టరా నాయనా, రోడ్డు మంచిది కాదు,” అన్నాడు మామ. చుట్టాను కూడా. సందు తిరగ్గానే విప్పి నా మెడకు వేసుకున్నాను. అది గాలికి వెనక రెపరెపలాడుతుంటే చేలల్లో వాళ్లంతా తలెత్తి చూస్తారని నా ఆశ. గొర్రెలు కాసే ముసలాయన ఒక్కడే చూసి, “ఏంది నాయనా, గొంతు నొప్పా?” అని జాలిగా అడిగాడు.

నేను చేరేసరికి చర్చి నుంచి వచ్చిన బట్టల్లోనే అందరూ ఇంటి ముందు కూర్చొని ఉన్నారు. మధ్యలో అవ్వ, ఆమె ఒళ్లో చనిపోయిన తాత పటం. నేను దర్జాగా పెట్టె తెరిచాను. మసక అద్దం ముక్కలు ముక్కలు.

“వెలుతురు చాలదవ్వా,” అన్నాను.

అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకొని సూర్యుణ్ణి చూసింది. “ఎండకు నెత్తులు మాడిపోతావుంటే వెలుతురు లేదంటావేంది నాయనా?”

ఇక దాచలేక, గుడ్డ విప్పిన సంగతితో సహా ఉన్నది చెప్పేశాను. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చిన్నకొడుకు కూతురు మాత్రం జడకు కట్టిన రిబ్బను మెల్లగా విప్పుకుంది.

అప్పుడు పెద్దకోడలు ముందుకొచ్చి, పగిలిన ముక్కనొకదాన్ని వేలితో తడిమి చూసింది. “మామూలు అద్దాన్ని గరుకు చేస్తే సరిపోతాదా? పెళ్లికి ముందు మార్కాపురంలో పలకలు నున్నగా రుద్దేదాన్ని. అద్దాన్ని గరుకు చేయలేనా?”

ఆ ఇంట్లో అద్దమున్నది ఒక్క తాత పటానికే. అందరి చూపూ అవ్వ ఒళ్లోకి పోయింది. ఆమె పటాన్ని ఒళ్లోనే బోర్లించింది. వెనక మేకులు తనే వంచింది. “మీ తాత ఎవరికీ లేదనలేదు. తీసుకోండి.”

జల్లించిన ఇసుక, నీళ్లు వేసి బండమీద పెద్దకోడలు రుద్దింది, నేనూ రుద్దాను. ఎగిరి ఎగిరి వచ్చిన నా నల్లగుడ్డ బురద తుడవడానికి పనికొచ్చింది. అద్దం కాస్త చిన్నదైతే పాత సైకిల్ ట్యూబు కోసి దాంతో బిగించాం. గుడ్డ కింద తల దూర్చాను. గీతల మధ్య, తలకిందులుగా, ఆ సంసారమంతా కనబడింది. అక్కడ నన్నెవరూ చూడరు కదా, కళ్లు తుడుచుకున్నాను. “కదలొద్దు!” అని అరిచాను.

ప్రింటు చూసి మామ ఆశ్చర్యపోయాడు. “ఒళ్లో పటముంటే అద్దం మెరిసి మొగం పోతాది. ఈయన ఇంత బాగా ఎట్ల వచ్చినాడురా?” జరిగింది చెప్పాను. కోతలయ్యి అవ్వ ఊరికొచ్చాక, మామ ఫొటోతో పాటు తాత పటానికి కొత్త అద్దం కోయించి నన్నే పంపాడు.

అవ్వ ఫొటో తీసుకుంది, అద్దం తిప్పి ఇచ్చేసింది. “వద్దులే నాయనా. ఇప్పుడు చెయ్యి పెడితే నేరుగా ఆయన మొగమే తగులుతాంది. నువ్వే ఉంచుకో. గుడ్డ చుట్టే రకం మాదిరి లేవు నువ్వు.”

ఆ కెమెరా ఇప్పుడు మా ముందుగదిలో ఉంది, ఇసుకతో రుద్దిన ఆ తాత పటం అద్దంతోనే. అది సైకిలెక్కదు, నేనూ ఎక్కను. అయినా పక్కగదిలోకి జరపాలన్నా సరే, అద్దానికి నల్లగుడ్డ రెండు చుట్లు చుడతాను. మా ఆవిడ నవ్వుతుంది. అవ్వ చూసి ఉంటే మాత్రం, ఆ చుట్టేది నేనేనంటే నమ్మేది కాదు.