వడ్ల బక్కయ్య చెవులు

ఆ రోజుల్లో సూర్యాపేటలో ఇల్లు కొనాలంటే ముందు వడ్రంగం చేసే వడ్ల బక్కయ్యను పిలుచుకొచ్చేవారు. గోడ అడుగు మట్టిని గోటితో గీకి నాలుక మీద వేసుకునేవాడు. ఉప్పగా ఉంటే గోడను ఉప్పు తినేస్తున్నట్టే. తర్వాత నిచ్చెనెక్కి దూలాన్ని సుత్తితో కొట్టి చెవి పెట్టేవాడు. గట్టి దూలం ఖంగుమంటుంది, చెదలు తిన్నది బోలుగా మూలుగుతుంది. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఆయన ‘కొనుండ్రి’ అంటేనే బయానా ఇచ్చేవారు.

అంతటి మనిషికి దెబ్బ తగలక తగలక చెవులకే తగలాలా! రెండేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. ఒప్పుకుంటే పేరు పోతుంది. అందుకని సుత్తితో కొట్టి, దూలాన్ని వదిలేసి, అమ్మేవాడి మొహం చూసేవాడు. మొహం మాడితే దూలం చెడ్డదన్నమాట. ఈ దొంగ విద్యతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు.

నలభై తొమ్మిది ఆషాఢంలో బడిపంతులు రాజారత్నం పిలిచాడు. తుంగతుర్తి దగ్గర వాళ్ల గుడిసె గొడవల్లో కాలిపోయింది. భార్య దేవమ్మ, ముగ్గురు పిల్లలతో తొమ్మిది నెలలుగా బడి వసారాలోనే కాపురం. అదీ వారంలో ఖాళీ చేయమన్నారు. కులం అడిగి అందరూ తలుపులేసుకున్నాక, ఇల్లు అమ్ముతానన్నవాడు జనార్దన్ పటేల్ ఒక్కడే.

ఆ పటేల్ మొహమేమో రాయి. వక్క నములుతూ తన ఇంటి దూలం కింద నిలబడ్డాడు. బక్కయ్య నిచ్చెనెక్కి మూడుసార్లు కొట్టాడు. చెవికి ఏమీ వినబడలేదు. కింద పిల్లలు తలలెత్తి ఆయన్నే చూస్తున్నారు.

“బర్మ అందియ్యుండ్రి, తొలిచి సూస్త,” అన్నాడు.

“సుత్తి దెబ్బతోనే చెప్పేటోనివి గద! నా దూలానికి బొక్క పెడ్తవా?” పటేల్ అరిచాడు. అరిచాడు కాబట్టి వినబడింది.

“నాకు చెవులు పోయినయ్ పటేలా. ఇన్నొద్దులు దాసిపెట్టిన. పిల్లలు పండే ఇల్లు, నీ మొహం సూసి ఎట్ల చెప్పాలె?”

బర్మ వేలెడు లోపలికి పోయి పట్టు తప్పింది. చెక్క పొట్టు రాలేదు, చెదల మట్టి రాలింది. బక్కయ్య దిగాడు.

“ఒద్దు పంతులూ. రెండు వానలకు కూలుతది.”

రాజారత్నం గడప మీద కూలబడ్డాడు. దేవమ్మ మెల్లగా ఏదో అడిగింది. బక్కయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టి వంగాడు.

“ఏమన్నవ్ బిడ్డా? జర గట్టిగ చెప్పు.”

“ఇగ మేం ఏడుండాలె తాతా?” అని ఆమె వీధంతా వినబడేట్టు అరిచింది.